అమ్మ కంటికి ఆనే రంగు

కామారెడ్డిలో టైల్స్ దుకాణానికి వెళ్తే స్నానాలగది టైల్స్‌ను మూడు వరసలుగా నిలబెట్టి చూపిస్తారు. కింద ముదురు రంగు, మధ్యలో పూలో ఆకులో నీటిబొట్లో అచ్చువేసిన పట్టీ, పైన లేత రంగు. డార్క్, హైలైటర్, లైట్ అని వాటి పేర్లు. మూడూ కలిపి ఒక సెట్టు. దేశంలో తయారయ్యే సిరామిక్ టైల్స్‌లో అత్యధిక భాగం గుజరాత్‌లోని మోర్బీ పట్టణం చుట్టుపక్కలే తయారవుతుంది. ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలో కూడా అక్కడే నిర్ణయమైపోయి, అట్టపెట్టెల్లో లారీలెక్కి ఇక్కడికి వస్తుంది. ఎల్లారెడ్డిలోనో లింగంపేటలోనో గాంధారిలోనో ఇల్లు కట్టుకునే మనిషికి మిగిలిన పని ఒక్కటే. గోధుమరంగు సెట్టా, నీలం సెట్టా, బూడిదరంగు సెట్టా అని వేలు పెట్టి చూపించడం.

దర్వాజా ఎప్పుడు నిలబెట్టాలి, పూజగది ఎటు రావాలి, వంటగది గట్టుకు నల్ల గ్రానైట్ వేయాలా వద్దా అని నెలల తరబడి మాట్లాడుకుంటాం. స్నానాలగది రంగు సంగతి చివర్న వస్తుంది. అప్పటికి చేతిలో డబ్బూ, ఒంట్లో ఓపికా రెండూ అడుగంటి ఉంటాయి. దుకాణంలో నిలబడ్డ కాసేపట్లో ఆ ముచ్చట తేలిపోతుంది. ఆ కాసేపటి నిర్ణయం మీద ఇంటిల్లిపాదీ పాతికేళ్లో ముప్పయ్యేళ్లో స్నానం చేస్తారు. గోడకు వేసిన రంగు నచ్చకపోతే వచ్చే దసరాకు మార్చుకోవచ్చు. అతికించిన టైల్‌ను మార్చాలంటే సుత్తి, ఉలి పట్టాల్సిందే.

ఇల్లంతటిలో మనిషి తడికాళ్లతో, ఒంటరిగా, తలుపు గడియ పెట్టుకుని ఉండే గది అదొక్కటే. చేయి పట్టుకునేవారు పక్కన ఉండరు. అక్కడ కన్ను పొరబడితే కాలు పొరబడుతుంది. అందుకే ఆ గది రంగును అందం లెక్కలోంచి కాస్త పక్కకు తీసి చూడాలనిపిస్తోంది.

ఒక తరం కిందటి మాట. మన పల్లెల్లో స్నానం ఇంటి వెనక జాలాట్లో. కింద షాబాద్ బండో తాండూరు బండో, పక్కన నీళ్ల గోలెం, చుట్టూ నడుమెత్తు గోడ లేదా నాలుగు తడికలు. పైన ఆకాశం. గోడకు సున్నం, ఆ సున్నంలో కాస్త నీలిమందు. రంగు ఎంచుకోవడమనే పనే లేదు. బండ ఏ రంగుదైతే నేల ఆ రంగుది. కానీ ఆ చోట ఒక సుఖం ఉండేది. పగటి వెలుతురు నేరుగా పడేది. నల్లటి బండ, తెల్లటి గోడ, మెరిసే ఇత్తడి చెంబు, ఎర్రటి సబ్బు, దేనికది విడిగా కనిపించేవి. ముసలమ్మ కంట్లో పొర ఉన్నా చెంబు ఎక్కడుందో చేతికి దొరికేది.

మరుగుదొడ్డి మాటకొస్తే ఆ రోజులు మెచ్చుకోదగ్గవి కావు. ఆడవాళ్లు చెంబు పట్టుకుని చీకటి పడేదాకా ఆగేవారు, లేదంటే తెల్లవారకముందే లేచి పోయేవారు. వానాకాలం, చూలాలితనం, జ్వరం, ఏదీ ఆ నియమానికి మినహాయింపు కాదు. పగలు నీళ్లు తక్కువ తాగితే బయటికి పోయే అవసరం తగ్గుతుందని దాహం ఓర్చుకున్న తల్లులు మన ఇళ్లలోనే ఉన్నారు. 2014 అక్టోబర్ 2న మొదలైన స్వచ్ఛభారత్ మిషన్ కింద ఇంటికి 12,000 రూపాయల సాయంతో పెరట్లో నాలుగు గోడలు లేచాయి. రెండు పడకగదుల ఇళ్ల పథకం 560 చదరపు అడుగుల్లోనే రెండు మరుగుదొడ్లు పెట్టింది. 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకం 5 లక్షల రూపాయలిస్తూ, కనీసం 400 చదరపు అడుగుల ఇంట్లో వంటగదితో పాటు మరుగుదొడ్డి కూడా ఉండాలంది. వీటన్నిటికీ ముందునుంచే దుబాయ్, మస్కట్, దోహా నుంచి వచ్చిన చెమట పైసలు ఈ జిల్లా పల్లెల్లో స్లాబు ఇళ్లుగా మారాయి. ఆ ఇళ్లలో స్నానాలగది ఇంటి లోపలికొచ్చింది. ఆకాశం పోయి సీలింగ్ వచ్చింది. పగటి వెలుతురు పోయి, మూరెడు వెంటిలేటర్, ఒక బల్బు మిగిలాయి. నల్ల బండ పోయి టైల్స్ వచ్చాయి.

మార్పు మంచిదే. దానికి ఇంకొక అడుగు మిగిలి ఉంది. చీకటి కోసం కాచుకున్న ఆ తరం తల్లులే ఇప్పుడు అరవై, డెబ్బై దాటినవారు. గది వారికోసమే వచ్చింది. ఆ గదిలో ఏది ఎక్కడుందో వారి కంటికి ఆనుతోందా అని మాత్రం అడిగినవారు తక్కువ.

వయసుతో పాటు కంటిలోని కటకం పసుపు తిరుగుతుంది. కనుపాప చిన్నదవుతుంది. ఇరవై ఏళ్ల కంటిలో తెరమీద పడే వెలుతురులో అరవై ఏళ్ల కంటికి చేరేది దాదాపు మూడోవంతేనని కంటి శాస్త్రం లెక్క. పసుపు తిరిగిన కటకం ముందుగా నీలి కాంతిని మింగేస్తుంది. అందువల్ల ముదురు నీలం నల్లగా కనిపిస్తుంది. నీలానికీ ఆకుపచ్చకూ తేడా చెరిగిపోతుంది. లేత పసుపు, మీగడ రంగు, తెలుపు మూడూ ఒకటైపోతాయి. శుక్లం ముదిరితే ఇది మరింత. ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనేకు శుక్లాలు వచ్చాక ఆయన బొమ్మలు ఎరుపు, గోధుమ రంగుల్లోకి తిరిగిపోయాయి. తన తోటలోని కలువల కొలనును ఏళ్ల తరబడి గీసిన మనిషి, ఆ కొలను రంగును అదివరకటిలా చూడలేకపోయాడు. 1923లో ఆపరేషన్ చేయించుకున్నాకే రంగులు మళ్లీ ఆయన దారికి వచ్చాయి. రంగులతోనే బతికిన మనిషి కన్నే అలా మారితే, నాట్లేసి, కలుపు తీసి, బీడీలు చుట్టి అరవై దాటిన మన తల్లి కన్ను ఏ రంగును ఎలా చూస్తోందో ఆలోచించాలి. ఆమె ఆ సంగతి నోరు విప్పి చెప్పదు. కొడుకు గల్ఫ్ నుంచి వీడియో కాల్‌లో టైల్ చూపించి, ‘అమ్మా, గిది మంచిగున్నదా?’ అంటే, ‘నీకు నచ్చితే సాలు బిడ్డా’ అంటుంది.

నీకు నచ్చితే చాలన్న మాటను అక్కడితో వదిలేయకూడదు. ఆమె కంటితో ఒకసారి చూడాలి.

ఈమధ్య కొత్త ఇళ్లలో ఎక్కువమంది కోరుకునేది తెల్లటి కమోడ్, తెల్లటి లేదా మీగడరంగు నేల, లేత గోడ. ఫొటోలో శుభ్రంగా, విశాలంగా ఉంటుంది. పొర కమ్మిన కంటికి అది ఒకే తెలుపు. నేల ఎక్కడ ఆగింది, కమోడ్ అంచు ఎక్కడ మొదలైంది, గోడ ఎక్కడ లేచింది, ఏదీ తెలియదు. కూర్చునేముందు చేత్తో తడుముకోవాలి. ఇండియన్ సీటైతే ఇంకా ఇబ్బంది. తెల్లనేలలో తెల్లగుంట. కాలు ఎక్కడ పెట్టాలో అంచనాతో పెట్టాలి. పడడం వల్ల ప్రపంచంలో ఏటా దాదాపు 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అరవై దాటినవారే అందులో ఎక్కువ. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ పెద్దవాళ్లు ఎక్కడ జారిపడ్డారో వాకబు చేస్తే స్నానాలగది పేరు తరచుగా వినిపిస్తుంది.

దీనికి లెక్క కూడా ఉంది. తనమీద పడిన వెలుతురులో ఒక రంగు ఎంత తిప్పి పంపుతుందో సున్నా నుంచి వంద వరకు కొలుస్తారు. నలుపు సున్నా వైపు, తెలుపు వంద వైపు. పక్కపక్కన ఉండే రెండింటికీ, అంటే నేలకూ గోడకూ, గోడకూ పట్టుకునే కడ్డీకీ, ఆ కొలతలో కనీసం 30 తేడా ఉంటే చూపు మందగించినవారికి విడిగా తెలుస్తుందని బ్రిటన్ భవన ప్రమాణాలు చెబుతాయి. మన కేంద్ర గృహనిర్మాణ శాఖ 2021లో తెచ్చిన సార్వత్రిక సౌలభ్య మార్గదర్శకాలు కూడా రంగుల మధ్య ఇలాంటి స్పష్టమైన తేడా కోరుతున్నాయి. కానీ అవి దవాఖానలు, రైల్వేస్టేషన్లు, ఆఫీసుల దగ్గరే ఆగిపోయాయి. ఎల్లారెడ్డిలో రెండు గదుల ఇల్లు కట్టే మేస్త్రీకి వాటి సంగతి చెప్పేవారు లేరు.

కొలత పరికరం ఏదీ అక్కర్లేదు. కొనదలచిన నేల టైల్‌నూ గోడ టైల్‌నూ పక్కపక్కన పెట్టి ఫోన్‌తో ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపుగా మార్చి చూడండి. రెండూ ఒకే బూడిదరంగుగా కనిపిస్తే ముసలి కంటికి కూడా రెండూ ఒకటే. పచ్చ, గులాబీ అని మనం వేరు చేసి చూస్తున్న జంట చాలాసార్లు ఈ పరీక్షలో ఒక్కటైపోతుంది. రంగుల పేర్లు వేరైతే చాలదు, వాటి వెలుగు వేరు కావాలి.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే దారిలో లింగంపేటలో నాగన్న మెట్లబావి ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు కట్టడం, ఈమధ్యే పూడిక తీసి బాగుచేశారు. అక్కడ రాయంతా దాదాపు ఒకే రంగు. అయినా దిగేవాడికి ప్రతి మెట్టూ తెలుస్తుంది. ఎండ ఏటవాలుగా పడి ప్రతి మెట్టు కిందా ఒక నీడ గీత గీస్తుంది. ఆ గీతే అంచును చూపిస్తుంది. మన స్నానాలగదిలో నడినెత్తిన వెలిగే బల్బు ఆ నీడను తుడిచేస్తుంది. ఎండ చేసే పనిని అక్కడ రంగు చేయాలి.

స్నానాలగది నేల పక్క గది నేల కంటే ఒకటి రెండు అంగుళాలు దిగువన ఉంటుంది, నీళ్లు బయటికి రాకుండా. పెద్దవాళ్లు తట్టుకునేది అక్కడే. మన మేస్త్రీలు తలుపు కింద నల్ల గ్రానైట్ పట్టీ వేసే అలవాటు ఎవరు మొదలుపెట్టారో గాని చాలా మంచిది. లోపలా బయటా లేత రంగు నేల ఉంటే ఆ నల్లగీత ‘ఇక్కడ మెట్టుంది’ అని చెప్పకనే చెబుతుంది. అదే లోపల ముదురు బూడిదరంగు టైల్ వేస్తే గీత నేలలో కలిసిపోతుంది. ఆ పట్టీ ఉన్న ప్రయోజనమే పోతుంది.

నేలమీద బొమ్మలున్న టైల్స్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. గులకరాళ్లు పరిచినట్టు, నీటి అడుగున చేపలు ఈదుతున్నట్టు అచ్చువేసిన నేల టైల్స్ ఇప్పుడు ఊరూరా కనిపిస్తున్నాయి. పిల్లలకు సరదా. చూపు సరిగా ఆనని పెద్దావిడ మాత్రం ఆ గులకరాయిని నిజంగా ఎత్తుగా ఉందనుకుని అడుగు ఎత్తి వేస్తుంది, నీరు ఉందనుకుని కాలు వెనక్కి లాగుతుంది. మతిమరుపు జబ్బు ఉన్నవారికి నేలమీద నల్లటి చదరం గొయ్యిలా కనిపించవచ్చు. వారు దాన్ని దాటబోయి తూలుతారు. గోడమీద జలపాతం వేసుకోండి, డాల్ఫిన్‌ను వేసుకోండి. నేలమీద మాత్రం ఏ బొమ్మా వద్దు. ఒకే రంగు, గరుకు తలం. నిగనిగలాడే టైల్ ఎండి ఉన్నా తడిగా కనిపిస్తుంది, తడిసినప్పుడు తడి కనిపించదు.

తెలుపంటే శుభ్రమన్న నమ్మకం మనకు ఎక్కణ్నుంచి వచ్చింది? పందొమ్మిదో శతాబ్దం చివర్లో రోగాలకు సూక్ష్మజీవులు కారణమని రుజువయ్యాక ఐరోపా, అమెరికాల్లో ఆస్పత్రులు, స్నానాలగదులు తెల్లబడ్డాయి. మురికి దాగకూడదన్నది అప్పటి ఆలోచన. మంచి ఆలోచనే. 1927లో అమెరికాలో కోలర్ కంపెనీ ఒకదానికొకటి జోడు కుదిరే రంగుల తొట్టెలు, సింకులు, కమోడ్లు అమ్మకానికి పెట్టేదాకా స్నానాలగదికి వేరే రంగు ఉండొచ్చన్న ఊహే చాలామందికి లేదు. తెలుపు వల్ల కలిగే ఇబ్బందిని ముందుగా చెప్పింది ఒక వైద్యుడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో హ్యారీ షెర్మన్ అనే సర్జన్, తెల్లగోడల మీంచి వచ్చే కాంతి కళ్లల్లో కొట్టి శరీరం లోపల ఉన్నది సరిగా కనిపించడం లేదని, 1914లో తన ఆపరేషన్ గదికి పాలకూర ఆకుపచ్చ రంగు వేయించాడు. శుక్లం ఉన్న కంటికి కూడా ఇదే బాధ. తెల్ల టైల్ మీద తెల్ల ఎల్‌ఈడీ బల్బు వెలిగిస్తే కళ్లు చెదిరి, చూడాల్సింది కనబడదు. గోడకు కాస్త మెత్తని రంగు వేసుకోవడానికి ఇదొక కారణం. లేత ఆకుపచ్చ, పొగమంచు నీలం, ఇసుకరంగు, ఏదైనా ఫరవాలేదు.

రంగును దుకాణంలో చూసి తేల్చుకోవద్దు. అక్కడ పగలు కూడా ఇరవై దీపాలు వెలుగుతుంటాయి. బెల్లం ముద్దను ఎండలోకి పట్టుకెళ్లి చూసి బేరమాడే మార్కెట్ మనది. టైల్‌ను కూడా అలాగే ఒకటి అడిగి తీసుకుని, ఇంటికి తెచ్చి, మీ బల్బు కింద పెట్టి, తడిపి చూడండి. గరుకు టైల్ తడిస్తే ఒక పాలు ముదురుతుంది. 6,500 కెల్విన్ల చల్లని తెల్ల బల్బు కింద నీలాలు తేరుకుంటాయి, గోధుమలు పాలిపోతాయి. 3,000 కెల్విన్ల పసుపు బల్బు కింద సరిగ్గా తిరగబడుతుంది. వేకువన కరెంటు పోయిన వేళ వెంటిలేటర్ వెలుతురులోనూ ఒకసారి చూడాలి. మసక వెలుతురులో మనిషి కంటికి ఎరుపు నల్లబడి, నీలం ఆకుపచ్చలు తేలికపడతాయి. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే రెండు వందల ఏళ్ల కిందటే గమనించిన సంగతి ఇది. ఒకప్పుడు మోజుపడి వేయించుకున్న మెరూన్ టైల్స్ స్నానాలగదులు తెల్లవారుజామున గుహల్లా ఉండేది ఇందువల్లే.

ఇక నీటి మాట. రంగు ఎంపికలో మన ప్రాంతానికే చెందిన చిక్కు ఇక్కడుంది. మిషన్ భగీరథ నల్లా వచ్చినా స్నానానికి, బట్టలకు చాలా ఇళ్లలో బోరు నీళ్లే. మన కింద ఉన్నది గ్రానైట్ రాయి. దాని పగుళ్లలోంచి వచ్చే నీటిలో కాల్షియం, మెగ్నీషియం కలిసి ఉంటాయి. నీరు ఆరగానే టైల్ మీద తెల్లని పొర నిలుస్తుంది. నల్ల టైల్ వేసిన గోడ ఆరు నెలలకే బూడిద పూసుకున్నట్టు అవుతుంది. నీటిలో ఇనుము ఉంటే కథ వేరు. తెల్ల టైల్ మీద తుప్పు చారలు దిగుతాయి. కాబట్టి ముందు మీ బోరు నీళ్లను చూడండి. పాత బకెట్టు అంచున ఏ రంగు పొర కట్టిందో చూస్తే చాలు. తెల్లపొరైతే నలుపు, ముదురు నీలం జోలికి పోవద్దు. ఎర్రమరకలైతే పాలతెలుపు వద్దు. ఇసుకరంగు, లేత బూడిద, తాండూరు బండ రంగు లాంటివి రెండింటినీ కొంత ఓర్చుకుంటాయి.

పొర పోవాలని ఆడవాళ్లు యాసిడ్ పోసి తోముతారు. ఆ పొరను కరిగించే యాసిడ్ టైల్స్ మధ్య నింపిన వైట్ సిమెంట్‌నూ కరిగిస్తుంది. రెండింటిలోనూ ఉన్నది కాల్షియమే. సందులు తెరుచుకుని నీరు గోడలోకి దిగుతుంది. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ రెండూ కలిపి పోయడం మరీ ప్రమాదం, క్లోరిన్ విషవాయువు పుడుతుంది. తలుపు మూసిన ఇరుకు గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. స్నానం చేసినవారు చివర్లో గోడమీది నీటిని ఒక వైపరుతో కిందికి లాగేస్తే పొర కట్టే అవకాశమే తగ్గుతుంది. రంగు సరిగా ఎంచుకుంటే ఈ చాకిరీలో సగం తప్పుతుంది. రోజూ ఆ గది కడిగేది ఎవరో మనకు తెలుసు. వారి నడుము కోసమైనా ఈ లెక్క వేయాలి.

పల్లెల్లో ఇంకొకటి. స్నానాలగది ఇప్పటికీ చాలా ఇళ్లలో పెరట్లో విడిగా ఉంటుంది. పక్కన కట్టెల మోపు, వెనక చేను. ముదురు నేలమీద తేలు కనబడదు. లేత నేలమీద పిల్లవాడికి కూడా కనబడుతుంది. అందుకే పెరటి స్నానాలగదికి లేత నేలే మేలు. దోమల సంగతీ చెప్పుకోవచ్చు. మనిషి ఊపిరి వాసన తగిలాక డెంగీ దోమ ఎరుపు, నారింజ, నలుపు వైపు మళ్లుతుందని, తెలుపునూ ఆకుపచ్చనూ పట్టించుకోదని 2022లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయోగశాలలో చూశారు. అంతమాత్రాన టైల్ రంగుతో దోమలు పోతాయనుకోనక్కర్లేదు. నీళ్ల డ్రమ్ముకు మూత పెట్టడమే అసలు మందు.

అందరికీ టైల్స్ కొనే స్తోమత ఉండదు. ఇందిరమ్మ ఇంటి 5 లక్షలు గోడలకూ స్లాబుకూ సరిపెట్టుకునేసరికి స్నానాలగదికి సిమెంటు పూతే మిగలొచ్చు. దానికీ ఉపాయం ఉంది. నేలకు గరుకు బండ, నడుమెత్తు వరకు సిమెంటు రంగు, పైన మన పాత సున్నమే. సున్నానికి క్షార గుణం ఉంది, తేమగోడ మీద బూజు అంత తేలిగ్గా పట్టదు. ఏటా ఒకసారి వేసుకోవచ్చు, ఖర్చు తక్కువ. ఇల్లు ఇప్పటికే కట్టేసినవారు, లోపలంతా తెలుపే ఉన్నవారు దిగులుపడనక్కర్లేదు. కమోడ్ మీద నీలం రంగుదో ముదురు గోధుమరంగుదో సీటు వేయించండి. స్టీలు కడ్డీ మెరుపులో కలిసిపోతుంటే దానికి ఎర్రటి టేపు చుట్టండి. బకెట్టు, చెంబు ఎర్రవి కొనండి. మసక వెలుతురులో ఆ ఎరుపు నల్లబడినా తెల్లనేల మీద స్పష్టంగానే ఉంటుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ మగ్గు అందంగా ఉంటుంది, కానీ నీళ్లలో మునిగితే చూపున్నవారికే కనబడదు. స్విచ్ బోర్డు చుట్టూ ఒక రంగు గీత గీస్తే రాత్రివేళ చేయి నేరుగా అక్కడికే పోతుంది.

ఇంత చెప్పాక, అందం వద్దనడం ఇక్కడ ఉద్దేశం కాదు. జీవితమంతా ఎవరో ఎంచిన గోడల మధ్య బతికిన మనిషికి తనకు నచ్చిన రంగు గది ఒకటి ఉండడం చిన్న విషయం కాదు. మన తల్లుల రంగుల రుచి ఏమిటో తెలుసుకోవాలంటే బతుకమ్మ పేర్చేటప్పుడు చూడాలి. గునుగు తెలుపు పక్కన తంగేడు పసుపు, దాని మీద బంతి, ఆ పైన కట్లపూల నీలం. పక్కపక్క వరసలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా, దూరం నుంచి కూడా దేనికది కనిపించేలా పేర్చడం వారికి చేతులతో పుట్టిన విద్య. ఏ ప్రమాణ పత్రమూ చదవకుండానే వారికి రంగుల తేడా తెలుసు. అలాంటివారిని పక్కన పెట్టి, మోర్బీ సెట్టును మన ఫోన్‌లో ఖాయం చేయడం న్యాయం కాదు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి దుకాణదారులకు ఒక విన్నపం. టైల్స్ కొనడానికి వచ్చినవారిని ‘ఇంట్లో పెద్దవాళ్లున్నారా?’ అని ఒక్కమాట అడగండి. ఉన్నారంటే, బొమ్మల్లేని గరుకు నేల టైల్, దానికి విడిగా కనిపించే గోడ టైల్ చూపించండి. గృహనిర్మాణ శాఖ ఇంజినీర్లు కూడా బేస్‌మెంట్, స్లాబు తనిఖీకి వచ్చినప్పుడు ఈ మాట లబ్ధిదారుల చెవిన వేయాలి. మేస్త్రీలకు ఇచ్చే శిక్షణలో దీన్ని చేర్చాలి. ఇందుకు పైసా అదనపు ఖర్చు లేదు. ఏ రంగు టైలైనా ఒకే రకంలో ధర దాదాపు ఒకటే.

ఈ ఎండాకాలం ఇంటి పని పెట్టుకున్నవారు టైల్స్ చూసే రోజున అమ్మను వెంట తీసుకెళ్లండి. కళ్లద్దాలు తీసేసి, నాలుగడుగుల దూరాన నిలబడి ఏది నేలో, ఏది గోడో, ఏది కమోడో ఆమె తడుముకోకుండా చెప్పగలిగిన జంటలు పక్కన పెట్టించండి. వాటిని ఇంటి బల్బు కింద కూడా చూశాక, ఆమెకు నచ్చింది కొనండి.